రోగశయ్య దగ్గర నవ్వు

నవ్వు నాలుగు విధాల చేటు అని తెలుగువారి సామెత. ఆ నాలుగు విధాలేవో సామెత చెప్పదు. కాని నవ్వరాని చోట్లు లెక్కపెట్టమంటే, శ్మశానం తరువాత చాలామంది రోగి పడకనే చెబుతారు. పరామర్శకు వచ్చిన బంధువు గడపలోనే ముఖం మార్చుకుంటాడు. గొంతు తగ్గించుకుంటాడు. మంచం పక్కన కూర్చుని నిట్టూరుస్తాడు. ఇది మర్యాద. ఈ మర్యాదకు మూలమైన భావం మంచిదే: ఎదుటివాడు బాధపడుతుండగా తాను సుఖంగా ఉన్నట్లు కనబడరాదన్న సంకోచం. కాని దినమూ పదిమంది ఇటువంటి ముఖాలతో వచ్చి పోతుంటే రోగికి మిగిలేదేమిటి? తాను అప్పుడే సగం పోయినవాడినన్న తలపు మిగులుతుంది. అందుచేత ఈ గాంభీర్యమంతా నిజంగా కరుణయేనా, లేక కరుణ వేసుకున్న వేషమా అని అడగవలసి ఉన్నది. నవ్వుకు రోగశయ్య దగ్గర చోటున్నదా, ఉంటే దాని హద్దులేవి అని కూడ విచారించవలసి ఉన్నది.

మన ఆలంకారికులు ఈ ప్రశ్నకు ఏనాడో జవాబు చెప్పినట్లు తోస్తుంది. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాలలో హాస్యమూ ఉన్నది, కరుణమూ ఉన్నది. పదునాలుగవ శతాబ్దివాడైన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో రసాల మైత్రీవిరోధాలను నిర్ణయిస్తూ, హాస్యానికి భయానకమూ కరుణమూ విరోధులన్నాడు. రోగశయ్య దగ్గర ఈ రెండు విరోధులూ కాపురం ఉంటాయి. అయితే హాస్యం అక్కడికి రానే రాకూడదా? ఇక్కడ ఒక మాటను జాగ్రత్తగా విడదీసి చూడవలెను. శాస్త్రంలో కరుణరసానికి స్థాయిభావం శోకం. లోకవ్యవహారంలో మనం కరుణ అనేది శోకాన్ని కాదు, దయను. శోకం మనిషిని కూలదోస్తుంది, దయ లేవనెత్తుతుంది. శోకించేవాడు రోగి పక్కన కూర్చుని ఏడుస్తాడు. దయగలవాడు లేచి వెళ్ళి మంచినీళ్ళు తెస్తాడు. హాస్యానికి విరోధమని శాస్త్రం చెప్పినది శోకాన్ని. దయకూ హాస్యానికీ పొత్తు కుదరదని ఆ తీర్పులో లేదు. కుదిరితే ఏ విధంగా కుదురుతుందన్నదే మన ప్రశ్న.

ఇటువంటి ప్రశ్నను సుఖంగా కూర్చుని విచారించడం సులభం. భిలాయి వంటి ఊరిలో నిలబెట్టి అడిగితేగాని దాని బరువు తెలియదు. 1955 ఫిబ్రవరి 2న భారత సోవియట్ ప్రభుత్వాలకు కుదిరిన ఒడంబడిక వల్ల, దుర్గ్ పట్టణానికి పక్కన పల్లెలూ పొలాలూ ఉన్న నేల మీద ఇక్కడి ఉక్కు కర్మాగారం లేచింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. నాడు అది మధ్యప్రదేశ్; 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్. సెక్టార్లుగా విభజించి కట్టిన ఆ నగరానికి, చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ పల్లెవారితో పాటు ఆంధ్రులు, ఒరియావారు, బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు, బీహారీలు పనికోసం వచ్చి స్థిరపడినారు. తెలుగువారు సెక్టారు 5లో బాలాజీ ఆలయం కూడ కట్టుకున్నారు. మన రైళ్ళు పరుగెత్తే పట్టాలు ఆ కర్మాగారంలో తయారవుతాయి. అవి పట్టాలు కావడానికి ముందు ఇనుము నీరై ప్రవహిస్తుంది. దాని వేడి సుమారు 1500 డిగ్రీలు.

ఆ వేడి పక్కన మనిషి బ్రతుకు ఎంత సున్నితమైనదో భిలాయికి తెలుసు. 2014 జూన్ 12న విషవాయువు వెలువడి ఆరుగురు మరణించినారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల విభాగంలో వాయువు గొట్టం వద్ద మంటలు లేచి పదిమందికి పైగా ప్రాణాలు పోయినవి. కాలిన శరీరాలతో బయటపడినవారిని సెక్టారు 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రికి చేర్చినారు. కర్మాగారానికి అనుబంధమైన ఆ ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక విభాగమున్నది. ఉక్కు ఊరికి అది తప్పనిసరి.

కాలిన గాయాల వార్డు అంటే ఏమిటో ఒకసారి మనసుకు తెచ్చుకుందాం. కట్టు విప్పి మళ్ళీ కట్టే ప్రతిసారీ రోగి మొదటి మంటనే తిరిగి అనుభవిస్తాడు. గాయం మానేటప్పుడు చర్మం ముడుచుకొని బిగుసుకుంటుంది. ముఖం కాలినవానికి పెదవులు విప్పడమే కష్టం. అతనికి నవ్వడం ఒక శారీరక శ్రమ. కడుపు మీద కుట్లు ఉన్నవానికి కూడ పెద్దగా నవ్వితే నొప్పే. నవ్వే ఔషధమని సభలలో చెప్పేవారందరూ మొదట ఈ మంచం ముందు నిలబడి ఆ మాట అనగలరేమో చూసుకోవలెను. అనలేకపోతే ఆ సిద్ధాంతంలో ఏదో లోపమున్నట్లే.

నిజానికి ఆ సిద్ధాంతాన్ని మితంగా చెప్పుకోవడమే మేలు. నార్మన్ కజిన్స్ అనే అమెరికన్ సంపాదకుడు 1964లో వెన్నెముకనూ కీళ్ళనూ పట్టిన వ్యాధితో మంచమెక్కినాడు. హాస్య చిత్రాలు చూసి పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పిలేని నిద్ర పట్టేదని 1976లో ఒక వైద్యపత్రికలో వ్రాసినాడు. ఆ వ్యాసం లోకమంతా పాకింది. మన దేశంలో మదన్ కటారియా అనే వైద్యుడు 1995 మార్చిలో బొంబాయిలో ఒక ఉద్యానవనంలో కొద్దిమందితో నవ్వుల సంఘం ప్రారంభించినాడు. నేడు అటువంటివి ఎన్నో దేశాలలో ఉన్నవి. 2011లో రాబిన్ డన్బార్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుని బృందం, పదిమందితో కలిసి నవ్వినవారు తరువాత నొప్పిని కొంత హెచ్చుగా ఓర్చుకోగలిగినట్లు ప్రకటించినది. ఇవన్నీ నమ్మదగినంత మేరకు నమ్ముదాం. వీటిలో ఏదీ నవ్వు క్రిమిని చంపుతుందని గాని, కాలిన చర్మాన్ని మొలిపిస్తుందని గాని నిరూపించలేదు.

ఇటలీలో 2005లో ప్రకటితమైన ఒక పరిశీలన ఇంతకంటె బోధకరం. శస్త్రచికిత్సకు ముందు మత్తు ఇచ్చే గదిలోకి నలభైమంది పిల్లలలో సగంమందితో విదూషకులను పంపినారు. వారు వెంట ఉన్న పిల్లలలో భయం తగ్గింది. విదూషకుల వల్ల పిల్లలకు మేలు కలిగినదని ఆసుపత్రి సిబ్బంది కూడ ఒప్పుకున్నారు. అయినా వారిలో ఎక్కువమంది, ఇది మా పనికి అడ్డం వస్తున్నది గనుక కొనసాగించవద్దన్నారు. ఈ రెండు ఫలితాలూ కలిపి చదువుకోవలెను. నవ్వు భయాన్ని తగ్గిస్తుంది. కాని అది పనికి చోటిచ్చి నిలబడడం నేర్చుకొనక తప్పదు. వైద్యునికీ ఒక పాఠమున్నది. భయం తగ్గించడం వైద్యంలో భాగం కాదనుకున్నప్పుడే నవ్వు పనికి అడ్డంగా కనబడుతుంది.

మన ప్రాచీన వైద్యులు దానిని భాగంగానే ఎంచినారు. చరకసంహిత సూత్రస్థానంలో రోగులను ఉంచే ఇంటిని గురించి ఒక వర్ణన ఉన్నది. ఇల్లు గట్టిగా ఉండవలెను, ఈదురుగాలి తగలరాదు, పొగ, ఎండ, దుమ్ము సోకరాదు; వంటిల్లు, స్నానపు గది, రోలు రోకలి ఉండవలెను; రోగిని లేపి కూర్చుండబెట్టేవారు, ఒళ్ళు పట్టేవారు, మందులు నూరేవారు ఉండవలెను; పాలిచ్చే ఆవు ఉండవలెను. అదే పట్టికలో పాటగాండ్రు, వాద్యకారులు, శ్లోకాలూ గాథలూ కథలూ పురాణాలూ చెప్పగల నేర్పరులు కూడ ఉన్నారు. అంటే రోలు ఎంత అవసరమో కథ చెప్పేవాడు అంత అవసరమని ఆ శాస్త్రకారుని అభిప్రాయం. అతడే వైద్యునికి ఉండదగిన నాలుగు చిత్తవృత్తులను చెప్పినాడు: అందరియందు మైత్రి, ఆర్తులయందు కారుణ్యం, సాధ్యమైన వ్యాధి గలవానియందు ప్రీతి, మరణం సమీపించినవానియందు నిర్వికారత. వినోదాన్ని ఔషధశాలలోకి పిలిచినవాడు దానిని కారుణ్యం ఉన్న ఇంటిలోకే పిలిచినాడన్నది గమనింపదగినది.

ఇక అసలు విషయానికి వద్దాం. రోగం మనిషి నుండి ఆరోగ్యాన్ని మాత్రమే తీసుకుపోదు. నిన్నటిదాకా క్రేను నడిపిన చెయ్యి నేడు అన్నం ముద్దకోసం ఇంకొకరి చేతివంక చూస్తుంది. పేరున్నవాడు పడక నంబరు అవుతాడు. చుట్టూ అందరూ నిలబడి ఉంటారు, అతడొక్కడే పడుకొని ఉంటాడు. అతని శరీరాన్ని గురించి అతని ఎదుటే, అతనికి తెలియని భాషలో మాట్లాడుకుంటారు. ఈ అవమానం వ్యాధికంటె వేరైనది, వ్యాధిలోని బాధలో సగం అదే. ఇటువంటి స్థితిలో ఒక ఉదయం అతడే తన కట్లను చూసుకొని ఒక చమత్కారపు మాట అంటాడు. అది చిన్న మాటే కావచ్చు. కాని పడక నంబరు చమత్కరించలేదు, మనిషే చమత్కరించగలడు. పోయిన ఆస్తిలో అతడు తిరిగి సంపాదించుకున్న మొదటి వస్తువు ఆ మాట. దానికి నర్సు నవ్వితే ఆ ఆస్తి అతనిదేనని సాక్ష్యం పలికినట్లు.

ఇందులోనే మనకు కావలసిన సూత్రమున్నది. రోగశయ్య దగ్గర మొదటి నవ్వు హక్కు రోగిది. వైద్యుడు చేయగలిగినది ఆ నవ్వుకు దారి తెరిచి ఉంచడం, వచ్చినప్పుడు గుర్తించి మర్యాదతో అందుకోవడం. పసిపిల్లల విషయంలో పెద్దవాడు ముందుగా వేషం వేయవచ్చు. కాని అక్కడ కూడ బిడ్డ కళ్ళు ఒప్పుకున్నాయో లేదో చూడవలెను. నాట్యశాస్త్రం నవ్వును ఆరు విధాలు చేసినది. దంతాలు కనబడకుండ చెక్కిళ్ళు కొద్దిగా వికసించే స్మితం మొదటిది. ఒళ్ళు మరచి పగలబడే అతిహసితం చివరిది. రోగి గదిలోకి వైద్యుడు తనంతట తాను తీసుకుపోదగినది స్మితమొక్కటే. తక్కిన అయిదూ రోగి అనుమతితో రావలెను.

అనుమతి ఎందుకంటే, పైనుంచి క్రిందికి పడే నవ్వు రాయి వంటిది. మయసభలో దుర్యోధనుడు నీటిమడుగులో పడినప్పుడు లేచిన నవ్వు ఎంత రక్తంతో ఆరిందో మనకు తెలుసు. అతడు బలవంతుడు గనుక పగతీర్చుకున్నాడు. ఆసుపత్రిలోని పేదవాడు ఏమి తీర్చుకుంటాడు? పల్లెనుంచి వచ్చిన ముసలామె తన నొప్పిని తన యాసలో చెప్పుకుంటే, చదువుకున్నవాడు ఆ యాసనే అనుకరించి చుట్టూ ఉన్నవారిని నవ్విస్తాడు. ఆమె కూడ నవ్వుతుంది. కాని అది నవ్వు కాదు, కప్పం. మందు ఇచ్చే చేయిని కోపగించుకోలేక చెల్లించిన కప్పం. అనేక భాషలు ఒక్క వార్డులో పడుకొనే భిలాయి వంటి ఊళ్ళలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుచేత పరిహాసానికి ఒక పరీక్ష పెట్టుకోవచ్చు: నేనన్న మాటను రోగి తిరిగి నామీద అనగలడా? అనగలిగితే అది స్నేహం. అనలేకపోతే అది అధికారం.

ఆ ప్రాంతపు ప్రజలకు ఈ పరీక్ష కొత్తది కాదు. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో నాచా అనే జానపద నాటకమున్నది. అందులో జోక్కడు అనే హాస్యగాడు రాత్రి తెల్లవార్లు భూస్వామినీ దొరనూ ఆడిపోసుకుంటాడు. అక్కడి నవ్వు క్రిందినుంచి పైకి లేచే నవ్వు. రాయపూర్‌లో 1923లో పుట్టిన హబీబ్ తన్వీర్ ఆ నటులనే నమ్ముకొని 1975లో ‘చరణ్‌దాస్ చోర్’ నాటకాన్ని తీర్చిదిద్దినాడు. దాని తొలిరూపం భిలాయిలోనే, ఆరుబయట, సత్నామీల సభలో ప్రదర్శితమైనది. అబద్ధమాడనని గురువుకు మాటిచ్చిన దొంగ కథ అది. ప్రేక్షకులు నాటకమంతా నవ్వుతారు. చివరకు ఆ మాటకోసమే దొంగ ప్రాణం కోల్పోతాడు. నవ్విన కన్నులే తడిసిపోతాయి. హాస్యమూ శోకమూ ఒకే వేదిక మీద ఇమడవన్న నియమాన్ని చదువు రాని ఆ నటులు తమ ఆటతోనే సడలించినారు.

అదే నేల వైద్యాన్నీ హాస్యాన్నీ ఒక్క మనిషిలో కూడ చూసింది. నాడు దుర్గ్ జిల్లాలో భాగమైన బెమెతరాలో 1953లో పుట్టిన సురేంద్ర దూబే ఆయుర్వేద వైద్యుడు. హిందీ కవిసమ్మేళనాలలో పేరుమోసిన హాస్యకవి. 2010లో పద్మశ్రీ పొందినాడు. 2018లో అదే పేరుగల రాజస్థాన్ హాస్యకవి మరణించినప్పుడు, పోయినది ఈయనే అనుకొని జనం కలతపడినారు. ఆయన తన మరణవార్త మీదనే ఒక నవ్వుల కవిత చెప్పినాడు. 2025 జూన్ 26న రాయపూర్‌లో నిజంగానే కన్నుమూసినాడు. భరతుడు హాస్యాన్ని ఆత్మస్థమనీ పరస్థమనీ విడదీసినాడు: తాను నవ్వడం, ఇతరుని నవ్వించడం. తన మరణాన్నే హాస్యానికి వస్తువు చేసుకున్నవానిలో ఈ రెండూ కలిసిపోతాయి. తన భయాన్ని చూసి నవ్వగలిగినవానికే ఇతరుని భయం దగ్గర నిలిచి నవ్వించే అర్హత ఉంటుందేమో!

అయితే ఇంతటితో ఆగితే మనం పెద్ద పొరపాటు చేసినవారమవుతాము. నవ్వు చవకైనది, మందు, మంచం, మనిషి సేవ ఖరీదైనవి. ఖరీదైనది ఇవ్వలేనివాడు చవకదానితో సరిపెట్టడానికి చూస్తాడు. నొప్పికి మందు వేళకు ఇవ్వకుండ ధైర్యంగా నవ్వుతూ ఉండుమని చెప్పడం కరుణ కాదు, ఎగవేత. భిలాయి కొలుములకు ముడి ఇనుము పంపే దల్లీ రాజహరా గనుల చరిత్ర ఇక్కడ స్మరింపదగినది. అక్కడ 1977 జూన్ 2, 3 తేదీలలో పోలీసు కాల్పులలో పదకొండుమంది మరణించినారు. వారి స్మృతిగా, శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని గనికార్మికుల సంఘం 1983 జూన్ 3న ‘షహీద్ ఆసుపత్రి’ని తెరిచింది. బయటి విరాళాలమీద ఆధారపడక కార్మికులు తమ చందాలతో, తమ రెక్కల కష్టంతో దానిని కట్టుకున్నారు. వారిలో కొందరే శిక్షణ పొంది రోగులకు సేవకులైనారు. శోకానికి ఇటుకలు పేర్చి దయగా మార్చడమంటే ఇది. సేవ చేసేవాడూ చేయించుకొనేవాడూ ఒకే గని నుంచి వచ్చినప్పుడు వారి మధ్య పరిహాసానికి నిచ్చెన అవసరముండదు. నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయిలో, నిద్రిస్తుండగా తుపాకితో కాల్చి చంపినారు. ఆసుపత్రి నిలిచింది.

ఇంకొక నవ్వున్నది, దానిని రోగి వినడు. కాలిన వార్డులో పగలంతా పనిచేసిన నర్సులూ వైద్యులూ తమ గది తలుపు వేసుకొని కొన్ని మోటు హాస్యాలు ఆడుకుంటారు. బయటివాడు వింటే నివ్వెరపోతాడు. దానిని తొందరపడి నిందించరాదు. ఇతరుల బాధను దినమూ మోసేవానికి ఎక్కడో ఒకచోట బరువు దింపుకొనే అరుగు కావలెను. కాని ఆ హాస్యం దేనిమీద పడుతున్నదో వారే కనిపెట్టి ఉండవలెను. మరణం మీద, విధి మీద, తమ నిస్సహాయత మీద పడితే అది మనసును కడుగుతుంది. రోగి మీద పడితే అది చేతిని మొద్దుబారుస్తుంది. అతడు వినకపోయినా, మరునాడు కట్టు విప్పే వ్రేళ్ళలో ఆ మొద్దుతనాన్ని గుర్తుపడతాడు.

ఆలంకారికుల మాట నిలిచే వేళ కూడ ఒకటున్నది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర, ఇక ఆశ లేదని అప్పుడే విన్నవాని దగ్గర, నవ్వు తన చెప్పులు బయట విడిచి దూరంగా నిలబడవలెను. అక్కడ శోకమే రాజు. అప్పుడు దయ చేయగలిగినది మౌనంగా కూర్చోవడమే. అయితే మరణానికి దగ్గరైనవాడు తానే నవ్వదలచుకుంటే, మన దుఃఖ మర్యాదతో అతని నోరు మూయించే అధికారం మనకు లేదు. చివరి ఘడియలో కూడ మొదటి నవ్వు హక్కు అతనిదే.

కాబట్టి సామెతను కాదనవలసిన పని లేదు. నవ్వు చేటు తెచ్చే విధాలున్నవి. ఎగతాళిగా, ఎగవేతగా, వేళగానివేళ, అనుమతి లేకుండ వచ్చిన నవ్వు రోగశయ్య దగ్గర చేటే. దయ ముందుగా వచ్చి తన పని తాను చేసిన చోట మాత్రం నవ్వు పిలువకుండానే వస్తుంది. వైద్యుడు నొప్పికి మందు వేళకు ఇవ్వవలెను. పడకను శుభ్రంగా ఉంచవలెను. రోగిని పేరు పెట్టి పిలువవలెను. అతని భాషలో నాలుగు మాటలు నేర్చుకోవలెను. ఆ పైన తొందరపడక కనిపెట్టుకొని ఉండవలెను. ముఖం కాలిన మనిషి నొప్పిని ఓర్చుకొని పెదవి కొన కదిపిన రోజున దానిని చూడగలిగే కన్ను ఆ గదిలో ఒకటైనా ఉంటే చాలు.